కట్టె కొట్టు కత్తుల తారతమ్యము

పైరు ఇల్లు చేరి, కళ్ళము ఊడ్చిన పిమ్మట రైతునకు కత్తితో పని మొదలగును. చేనిగట్టున బలిసిన తుమ్మకొమ్మలు తీయవలెను; కంచెకు కంప కొట్టవలెను; సరుగుడు తోటలో ప్రక్కరెమ్మలు చెక్కివేయవలెను; తాటిమట్టలు, కొబ్బరిమట్టలు నరకవలెను; వంటచెరకు సమకూర్చుకొనవలెను. ఈ పనులకు గొడ్డలి బరువు, కోతకొడవలి తేలిక. రెంటి నడుమ నిలిచి పని జరుపునది పెద్దకత్తియే.

మన సభ్యులలో కొందరు ఈ నడుమ పట్టణములనుండియు, తపాలా మూలముగను క్రొత్తరకపు కత్తులు తెప్పించుకొనుచున్నారు. కొన్ని నల్లరంగు పూసినవి, కొన్ని అద్దమువలె మెరయునవి, కొన్నింటి వీపున రంపపు పండ్లుకూడ కలవు. సంఘపు దుకాణమున ఇట్టివానినే తెప్పించి అమ్మరాదా యని వారడుగుచున్నారు. మఱికొందరు వాని పిడులు మొదటి కారులోనే ఊడినవనియు, అలుగులు తుమ్మముడి తగిలి పండ్లు పడినవనియు చెప్పుచున్నారు. ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, సుడులు చూచి, నాలుగడుగులు నడిపించి చూచువారు కత్తిని మాత్రము తళుకు చూచి కొనుచున్నారు. చెడ్డ ఎద్దు సాలులో పడుకొనును, అంతే. చెడ్డ కత్తి మోకాలి చిప్పలో దిగును. కావున ఈ సంచికలో కట్టె కొట్టు కత్తుల మంచిచెడ్డలు కొంత విరివిగా వ్రాయుచున్నాము.

మొదట బరువు సంగతి. కత్తి ఎంత బరువైన అంత తెగునను నమ్మకము మనవారిలో గట్టిగా కలదు. ఇందు సగమే నిజము. దెబ్బలోని శక్తి కత్తి బరువును, అది వచ్చి తాకు వేగమును రెంటిని బట్టియుండును. బరువు రెట్టింపైనచో శక్తి రెట్టింపగును. వేగము రెట్టింపైనచో శక్తి నాలుగింతలగును. కిలో బరువు కత్తిని పది దెబ్బలు ఎవరైనను కొట్టగలరు. ప్రొద్దెక్కి జబ్బలు సడలిన పిమ్మట ఆ బరువే వేగమును హరించును. అప్పుడు కత్తి కట్టెమీద పడుచుండును గాని కట్టెను కొట్టుచుండదు. ఉదయమునుండి మధ్యాహ్నపు అంబలివేళ దాక ఒంటిచేత కొట్టవలసిన వానికి అరకిలోకు మించి ముప్పాతిక కిలోకు లోబడిన కత్తి చాలునని మా అభిప్రాయము. అంతకు మించిన బరువు కావలెననిన రెండు చేతుల పిడి పెట్టించుకొనవలెను.

బరువు ఎంత యనుదానికంటె ఎక్కడ యనునది ముఖ్యము. దుకాణములోనే దీనిని పరీక్షింపవచ్చును. కత్తిని చూపుడువ్రేలిమీద అడ్డముగా నిలిపి, ఏ తావున సరితూగునో చూడుడు. పిడికి ఆనుకొనియే సరితూగిన కత్తి చేతిలో తేలికగా ఆడును. తోలు ఒలుచుటకును కాయగూరలకును మంచిది. కట్టెకు మాత్రము కొరగాదు. పిడికి రెండుమూడంగుళములు ముందుకు పోయి సరితూగినచో అది కట్టెకత్తి. బరువు ముందున్నచో చేయి త్రోవ చూపిన చాలును, తక్కిన పని కత్తియే చేయును. మఱియొక పరీక్ష కలదు. పిడి చివరను రెండు వ్రేళ్ళతో వదులుగా పట్టి కత్తిని క్రిందికి వ్రేలాడనిచ్చి, దాని వీపుమీద కర్రముక్కతో పైనుండి క్రిందికి తట్టుచు పోవలెను. ఒకచోట తట్టినపుడు పిడి వ్రేళ్ళలో అదరదు. కట్టెకు తగులవలసినది ఆ చోటే. ఆ చోట అలుగు వెడల్పుగాను బలముగాను ఉన్న కత్తిని చేసిన కమ్మరి పని తెలిసినవాడు. అదరు చోటనే ఎల్లప్పుడును కొట్టువాడు సాయంకాలమునకు మణికట్టు నొప్పియని కాపడము పెట్టుకొనును.

ఇక అలుగు మందము. పలుచని అలుగు కట్టెలో లోతుగా దిగును, దిగినచోటనే చిక్కుకొనును. ఊపి ఊపి లాగుటకే ప్రొద్దుపోవును. మందపుటలుగు లోతు దిగదు, కాని దిగినంతమేర పేడును విడదీసి బయట పడవేయును. పచ్చికట్టెకు పలుచన, ఎండుకట్టెకు మందము తగును. పిడివద్ద అయిదారు మిల్లీమీటర్ల వీపు కలిగి, వాదర దగ్గర రెండు ప్రక్కలును చేపపొట్టవలె కొంచెము ఉబ్బియున్న అలుగు రెంటికిని పనికివచ్చును. ఆ యుబ్బు కట్టెను ఎడము చేయుటచే కత్తి చిక్కుకొనదు. అద్దమువలె చదునుగా సానపట్టిన అలుగులు చూపునకు అందముగా నుండును గాని తుమ్మచేవలో మేకువలె దిగబడును.

ఈ లక్షణములను మనసున నుంచుకొని లోకములోని కత్తులను కొన్నింటిని పరికింతము.

మాచెట్ అనునది మధ్య, దక్షిణ అమెరికా ఖండములలోని చెరకు తోటలందును, అరటి తోటలందును పెరిగిన కత్తి. అమెరికాలో కాలిన్స్ అను కంపెనీ 1826లో గొడ్డళ్ళు చేయుటకు ఏర్పడి, తరువాత ఈ కత్తులను దేశదేశములకు పంపి పేరు గడించినది. ఇది మూర పొడవుండును. అలుగు మందము సాధారణముగా రెండుమూడు మిల్లీమీటర్లే. ఉక్కుకూడ కొంత మెత్తగానే ఉంచుదురు. చేలోనే ఆకురాయితో నాలుగు మారులు రాచిన మరల పదునెక్కును. నీరు గల లేతవానికి దీనిని మించినది లేదు. చెరకు, జొన్నచొప్ప, అరటి, గట్లమీది పొదలు, తీగెలు దీని పాలు. బొటనవ్రేలికంటె లావైన ఎండుతుమ్మమీద మాత్రము ఇది కొట్టినకొలది ఎగురును. ఎగిరిన కత్తి ఎటుపోవునో కొట్టినవానికి తెలియదు.

నేపాళపు కుక్రీ మన సైన్యములోని గూర్ఖాల నడుమునుండి అందరెరిగినదే. ఇది యుద్ధమునకే పుట్టినదని మనవారి తలంపు. ఆ దేశపు కొండపల్లెలలో దీనితో కట్టెయు కొట్టుదురు, మేకనుకూడ కోయుదురు. పిడితో కూడ పదునారు, పదునెనిమిదంగుళములుండును. అలుగు నడుమ క్రిందికి వంగి, వంగిన చోటనే వెడల్పెక్కును గనుక బరువంతయు ముందుకు చేరును. దెబ్బ తాకునపుడు వాదర ఏటవాలుగా కోసికొనుచు పోవును. అచటి కమ్మరులు పలువురు పాత లారీ కమాను పట్టీలతోనే దీనిని చేయుదురు. చేయు విధమున ఒక సొగసు కలదు. కాల్చిన అలుగును తొట్టిలో ముంచక, ముక్కుచెంబువంటి పాత్రతో వాదర పొడవునను నీటిధార పోయుదురు. వాదర మాత్రము గట్టిపడును. వీపు మెత్తగా మిగిలి దెబ్బను ఓర్చుకొనును. ఇంత చిన్న కత్తి ఇంత పని చేయుట ఆశ్చర్యమే. కాని మనకు దీనితో రెండు చిక్కులున్నవి. లోవంపు గల వాదరను చదును సానరాతిపై నూరుట కష్టము. అంతకంటె ముఖ్యముగా, కత్తి పొట్టిదగుటచే చేయి కొమ్మకు దగ్గరగా పోవును. మన పని ముళ్ళచెట్లతోడిది.

మలయా దేశపు పరాంగును ఎరిగిన కుటుంబములు మనలోనే ఉండవచ్చును. తెలుగువారు అచటి రబ్బరు తోటలకును కొబ్బరి తోటలకును కూలికి పోయి స్థిరపడినవారే కదా. ఇదియు ముందుబరువు కత్తియే. వాదర చేపపొట్ట వాటముది. తడిసిన అడవికట్టెకు తగినది. దీనిని గూర్చి ఇంతకంటె చెప్పనవసరము లేదు.

పట్టణములనుండి వచ్చుచున్న నల్లరంగు కత్తులు ఎక్కువభాగము అమెరికావారి అడవివిడిది కత్తులకు అనుకరణములు. అసలు కత్తులు మంచివే. తొమ్మిది, పదంగుళముల అలుగు, దాదాపు అయిదు మిల్లీమీటర్ల మందము, నూటికి ఇంచుమించు ఒక వంతు బొగ్గుపాలు గల ఉక్కు, అలుగు వెడల్పుననే పిడి చివరవరకు పోయిన తోక, దానికి ఇరుప్రక్కల బిళ్ళలు పెట్టి బిగించిన మేకులు. అవి విరుగుట అరుదు. కాని వాని ప్రయోజనము వేరు. అడవికి పోవు పెద్దమనిషి ఒక్క కత్తినే నడుమున కట్టుకొని పోవును; దానితోనే డబ్బా మూత తీయవలెను, దానితోనే కట్టెను నిలిపి కత్తివీపుమీద కర్రతో మోది చీల్చవలెను. ఇన్ని పనులకు సరిపడ చేసిన కత్తి నరకుటలో నడితరమే అగును. అనేకము పిడిదగ్గరనే సరితూగును. గొడ్డలి, కొడవలి, కత్తిపీట ఇంటనే ఉన్న రైతు అంత సొమ్ము పెట్టి ఈ సర్దుబాటు ఎందుకు కొనవలెనో మాకు తోచదు. అనుకరణముల సంగతి చెప్పనేల! పైకి అదే ఆకారము. లోన రెండంగుళముల తోక, దానిచుట్టు పోతపోసిన ప్లాస్టిక్ పిడి. వీపునగల రంపపుపండ్లు కట్టెను కోయవు. కత్తివీపును బలహీనము చేయుటకు మాత్రము చాలును.

ఇక మన కత్తులు. మచ్చుకత్తి ఆకారము ఊరూర కొంత మారుచున్నను మూలలక్షణము ఒక్కటే: వెడల్పయిన అలుగు, బలమైన వీపు, కొన లోపలికి వంగిన ముక్కు. వేటకొడవలికి ఆ వంపు ఇంకను హెచ్చు. చలనచిత్రముల పుణ్యమా యని వేటకొడవలి యనగానే పట్టణవాసులకు రాయలసీమ కక్షలు తోచును. ఆ సీమలోని రైతునకు అది కంప కొట్టు పనిముట్టు. తమిళదేశమున అరివాళ్ అందురు. శివగంగ జిల్లా తిరుప్పాచేత్తి అరివాళ్లకు పేరుపొందిన ఊరు. ఈ కత్తులన్నియు ఒక కుటుంబములోనివే. బరువు ముందున్నది, వాదర ముందుకు వెడల్పెక్కినది, ఇంతవరకు కుక్రీకి సమానమే. ముక్కు మాత్రము వీని సొంతసొత్తు. దానితో రెండు మేలులు కలవు. తెగిన కొమ్మను చేయి పెట్టక ముక్కుతో తగిలించి లాగివేయవచ్చును. నేలబారు కొమ్మను కొట్టునపుడు ముక్కు ముందు నేలను తాకి వాదరను రాళ్ళనుండి కాపాడును. కీడుకూడ ఒకటి కలదు: విసురుగా కొట్టిన దెబ్బ తప్పినచో ముక్కు వెనుకనున్న తీగెకో కొమ్మకో తగులుకొని కత్తిని చేతినుండి గుంజును. కావున దట్టమైన పొదలో ముందు చిన్నకొడవలితో తీగెలు తప్పించి, తరువాత ఈ కత్తికి పని చెప్పవలెను.

ఈ ముక్కు విలువ సర్కారు తుమ్మయందు తెలియును. ఈ చెట్టు మనది కాదు. అమెరికా ఖండమునుండి వచ్చినది. 1877 ప్రాంతమున కడప జిల్లా కమలాపురమున దీనిని నాటిరి. వంటచెరకునకు కరవు తీరునని తెచ్చిన చెట్టు చెరువులను, బంజరులను, కాలువగట్లను ఆక్రమించినది. కొట్టినకొలది మొదటినుండి పదింతలు చిగుర్చును. ముల్లు చెప్పుదాటి దిగును. నిప్పుకు మాత్రము దీని కట్టె శ్రేష్ఠము. బొగ్గు కమ్మరి కొలిమికిని మేలు. దీనిని కొట్టుటకు పదంగుళముల విడిదికత్తితో పోయినవాడు మొదట తన ముంజేతిని ముళ్ళకు అప్పగించును. రెండడుగుల కర్రపిడి వేసిన మచ్చుకత్తియో వేటకొడవలియో రెండు చేతులతో పట్టి, ముక్కుతో కొమ్మను ఈవలికి వంచి, మొదట కొట్టుటయే సరియైన పద్ధతి. సరుగుడు రెమ్మలకు ముక్కు అక్కరలేదు. తిన్నని అలుగు గల అరకిలో కత్తి చాలును. మణికట్టుకంటె లావైన ఎండుతుమ్మను ఏ కత్తితోను కొట్టరాదు. అది గొడ్డలికి, లేదా రంపమునకు విడువవలసిన పని.

ఆకారము కంటికి కనబడును, ఉక్కు కనబడదు. మోసము జరుగునది అచటనే. ఇనుములో కలిసిన బొగ్గుపాలును బట్టి పదును నిలుచును. ఇండ్లకప్పులకు వాడు మెత్తని కడ్డీలలో అది నూటికి పాతిక పైసలంత యైనను ఉండదు. దానిని ఎంత కాల్చి ముంచినను గట్టిపడదు. లారీ కమాను పట్టీలో అది నూటికి అర వంతునకు పైబడి యుండును. నరకు కత్తికి ఇది చక్కని పాలు. గిన్నెలు చేయు స్టెయిన్‌లెస్ రకము తుప్పుపట్టదు గాని పదునుకూడ పట్టదు. పదునుపట్టు స్టెయిన్‌లెస్ రకములు వేరుగా కలవు. అవి వంటింటికి తగినవి.

అంగడిలో తెలిసికొనుట యెట్లు? క్రొత్త ఆకురాయిని వాదరకు ఆనించి ఒక్కమారు త్రోయుడు. వెన్నను కోసినట్లు కోసినచో ఇనుము మెత్తన, తుమ్మకు ఆగదు. గాజుమీదవలె జారిపోయినచో మితిమీరి గట్టి. ముడి తగిలిన పండ్లు పడును. కొంచెము బలము పెట్టగా కొంచెముగా పట్టినచో అది మన కత్తి. సానచక్రము దగ్గర మఱియొక గురుతు కలదు: మెత్తని ఇనుము నిప్పురవ్వలు పొడవైన గీతలుగా పోవును, బొగ్గుపాలు గల ఉక్కు రవ్వలు చివర పువ్వులవలె చిట్లును.

తెలుగుదేశమునకు ఉక్కు క్రొత్త కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కుముద్దలకై పారసీక వర్తకులు వచ్చి వేచియుండెడివారు. ఆ ఉక్కు అచట పేరుమోసిన కత్తులయినది. ఐనను నేడు మన పల్లెలలో కమ్మరి కొలిమి చల్లారుచున్నది. వాడు చేసిన కత్తి నల్లగా, గరుకుగా ఉండుటయే వాని నేరము. ఉన్న నాలుగు కొలుములలోను పదును పెట్టుట యందు కొంత అశ్రద్ధ కలదనుట వాస్తవమే. ఆ పని సరిగా జరుగు విధమును ఇచట వ్రాయుచున్నాము. కత్తి చేయించుకొనువారు కొలిమియొద్ద నిలిచి చూచుకొనవచ్చును.

మొదట పట్టీని చూడవలెను. వేలమైళ్ళు పరుగెత్తి విరిగిన కమానులో కంటికానని పగుళ్ళుండును. విరిగిన చోటికి జానెడు దూరము విడిచి తక్కిన ముక్కను తీసికొనవలెను. నూనెతో తుడిచి, సున్నపుపొడి చల్లినచో పగులు నల్లని గీతగా తేలును. అలుగు సాగగొట్టి, ఆకారము తీర్చిన పిమ్మట వాదరను ఎర్రగా కాల్చవలెను. ఎంత ఎరుపు? అయస్కాంతమును కత్తికి తాకింపుడు. అది అంటుకొననంత వేడి వచ్చినపుడు ఇంకొక్క తిత్తియూపు చాలును. తెల్లబడువరకు కాల్చినచో ఉక్కు గరుకెక్కి పెళుసగును. అప్పుడు నీటిలోగాక నూనెలో ముంచవలెను. కమాను ఉక్కు నీటిలో ముంచిన ‘టక్కు’మని చిట్లవచ్చును. కొంచెము వెచ్చజేసిన వేరుశనగ నూనె చాలును. మూత గల ఇనుపతొట్టిలో, దగ్గర పూరిపాక లేని చోట.

ఇంతటితో ఆపిన కత్తి గాజువంటిది. దానికి కొంత మెత్తన మరల ఈయవలెను. ఒక ప్రక్క ఇసుకతో రుద్ది తెలుపు చేసి, వీపు తట్టునుండి మెల్లగా కాచవలెను. వేడి పాకినకొలది తెలుపుమీద రంగులు నడచును: మొదట ఎండుగడ్డి రంగు, తరువాత గోధుమరంగు, ఆపైన ఊదా, తుదకు నీలము. మొదటిది ఇంచుమించు 230 డిగ్రీల వేడికి, నీలము 300 డిగ్రీలకు గురుతు. నరకు కత్తి వాదర గోధుమరంగు దాటి ఊదారంగులో ప్రవేశించినపుడు కాక ఆపవలెను. వీపు నీలము కావచ్చును. కొందరు కమ్మరులు రంగు చూడక, చీకటి పడినదని, బేరము తక్కువయని ఈ కాకను వదలివేయుదురు. మనము కూలిలో తగ్గించిన పది రూపాయలు వాదరమీద పండ్లుగా లేచును. వంగిన వాదరను సరిదిద్దవచ్చును, పండ్లు పడిన వాదరను నూరిపారవేయవలసినదే. కావున సందేహము కలిగిన చోట కొంచెము మెత్తనవైపే మొగ్గవలెను.

ఇంత శ్రమపడి పెట్టిన పదును కరెంటు సానచక్రము ఒక్క నిమిషములో పాడుచేయగలదు. వాదర నీలమెక్కువరకు చక్రమునకు ఒత్తినచో ఆ తావున ఉక్కు మెత్తబడినట్లే. కత్తి ఎన్నిమారులు నూరినను మొక్కపోవుచున్నదని మొరపెట్టుకొనువారిలో సగముమంది దోషమిదియే. రెండు క్షణములకొకమారు నీటిలో ముంచుచు పట్టవలెను. లేదా ఆకురాయితోను, తడి సానరాతితోను చేతితోనే నూరుకొనవలెను. వాదర ఒక్కొక్క ప్రక్కను ఇంచుమించు ఇరువది డిగ్రీల వాలు ఉండుట ఎండుకట్టెకు మేలు. క్షురకుని కత్తివలె నూరినది మొదటి ముడికే చచ్చును.

పిడినిగూర్చి కత్తి కొనువారు ఆలోచింపరు. చేతిలో ఉండునది మాత్రము అదియే. అలుగు ఎంత మంచిదైనను తోక పొట్టిదైనచో ఏదో ఒకనాడు అలుగు ఎగిరి ఎదుటివాని మీద పడును. తోక పిడి చివరదాక పోయి, వెనుక బయటికి వచ్చి మడవబడవలెను. అలుగు తోకగా సన్నబడు మూలలు కోసినట్లు నలుచదరముగా నుండరాదు, గుండ్రముగా ఒదిగియుండవలెను. విరిగిన కత్తులను చూచినచో చాలవరకు ఆ మూలనుండియే పగులు పుట్టియుండును. తోకకు కమ్మీని అతికి పొడవు చేసి అమ్మువారున్నారు. అతుకు ప్రక్కన ఉక్కు పెళుసగును గనుక అట్టి కత్తిని తీసికొనరాదు. పిడి నోట రోకలికి వలె ఇనుప పొన్ను బిగియవలెను. కర్ర నల్లతుమ్మచేవ యైన మంచిది. బండి పనులకును పనిముట్ల పిడులకును మనవారు దానిని ఊరకే ఎన్నుకొనలేదు. వార్నీషు పూసిన పిడి చెమటకు జారును. గాజుపెంకుతో గీకివేసి నూనె పట్టింపవలెను. చివర గుబ్బ ఉన్నచో పట్టు జారదు. కత్తికి త్రాడు కట్టి మణికట్టుకు తగిలించుకొనుట కొందరి అలవాటు. జారిన కత్తి ఆ త్రాటిచివర తిరిగి తన చేతినే కొట్టును. త్రాడు లేకుండుటయే మేలు.

కొట్టు తీరునుగూర్చి నాలుగు మాటలు. కొమ్మకు నిట్టనిలువుగా అడ్డముగా కొట్టిన దెబ్బ నారలమీద పడి వెనుకకు తన్నును. ఏటవాలుగా, ఒకటి ఇటునుండి ఒకటి అటునుండి కొట్టినచో పేడు లేచివచ్చును. బరువైన కొమ్మను ముందు క్రిందివైపు కొంత కొట్టి తరువాత పైన కొట్టవలెను. లేనిచో అది చెట్టు బెరడును చీల్చుకొని పడును. తప్పిన దెబ్బ ఎక్కడికి పోవునో ముందు చూచుకొని, ఆ దారిలో కాలు లేకుండ నిలువవలెను. చాచిన చేయి, కత్తి కలిసి ఎంత పొడవో దానికి రెండింతల దూరములో మఱియొకరు ఉండరాదు. పిల్లలు కంప ఏరుటకు వెనుకనే వచ్చుదురు, వారిని పని నిలిపిన తరువాతనే పిలువవలెను. ముల్లు లోతుగా దిగినను, కత్తి గాయమైనను పసుపు అద్ది ఊరకుండక, కడిగి, ఆసుపత్రికి పోయి ధనుర్వాతపు సూది సంగతి అడుగవలెను.

చట్టమునుగూర్చి అడిగినవారికి: 1959 నాటి ఆయుధముల చట్టము కేవలము గృహకృత్యములకును వ్యవసాయమునకును ఉద్దేశింపబడిన వస్తువులను ఆయుధములుగా ఎంచలేదు. ఐనను బస్సులో తీసికొనిపోవునపుడు గోనెలో చుట్టి కట్టుట మర్యాదయు, క్షేమమును.

సంఘపు దుకాణము విషయమున మా అభిప్రాయమిది. నల్లరంగు కత్తులు తెప్పించుటకు వెచ్చించు సొమ్ముతో మంచి కమాను పట్టీలు ఒక్కమారుగా కొని, ఊరి కమ్మరికి కూలిలో కొంత ముందుగా ఇచ్చి, సభ్యులు కోరిన కత్తులు చేయించుట మేలు. నూనెతొట్టియొకటి, అయస్కాంతమొకటి, ఆకురాయి రెండు సంఘమే కొని కొలిమివద్ద నుంచవచ్చును. చేసిన ప్రతి కత్తిని కార్యవర్గములో ఒకరు ఆకురాయితో పరీక్షించి, ఎండుతుమ్మ ముడిమీద పది దెబ్బలు కొట్టి చూచి, పండ్లు పడినదానిని వెనుకకు ఇచ్చివేయవలెను. నచ్చినదానికి పిడిమీద గురుతు వేయవలెను. కమ్మరికి ఏడాది పని దొరకును. పిడి వదులైననాడు సభ్యునకు పట్టణము పోనక్కరలేదు.

పేరు వ్రాయించుకొనువారు ఏ చెట్టు కొట్టుటకు కావలెనో, ఒంటిచేతి పిడియో రెండుచేతుల పిడియో, కుడిచేతివాటమో ఎడమచేతివాటమో తప్పక వ్రాయింపవలెను. రెమ్మలు చెక్కుటకు ఒకప్రక్కనే సానపట్టు కత్తులు ఎడమచేతివానికి ఎదురుతిరిగి కట్టెనుండి బయటికి జారును. వారికి సాన రెండవప్రక్కను పెట్టించి ఇయ్యవలెను.